కుడివైపు హెడ్‌లైటు

"ఇంకోసారి చూడండక్కా. ముందువైపు. బానెట్ చుట్టూ."

ప్యో మిసుక్ తలెత్తి, కారు చూపించడానికి తెచ్చిన తేసిక్ వంక చూసింది. కొరియాలోని ఇంచియాన్‌లో పాత కార్లు కొనేవాళ్లకు బండి మంచిచెడ్డలు చూసిపెట్టడం ఆమె వృత్తి. ఇంత కంగారుపడే మనిషి ఈ మధ్య తగల్లేదు. ఇంజను శబ్దం వినమంటే వినడు. టైర్ల సంగతి చెబితే తలూపి ఊరుకుంటాడు. కారు చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ ముందుకే వచ్చి నిలబడతాడు.

"అమ్మేది ఎవరు తమ్ముడూ?"

"తెలిసినవాడే. చూపించుకోమని తాళం ఇచ్చాడు."

"నమ్మొచ్చా?"

"ఏమో. ఇంతకుముందైతే నమ్మొచ్చనే అనేవాణ్ణి."

"ఎంత చెబుతున్నాడు?"

"ధర మాట్లాడలేదు. ముందు ఇది తేలాలి."

మిసుక్ నవ్వింది. "పిల్ల పేరు కనుక్కోకుండా పళ్లు లెక్కపెట్టేలా ఉన్నావే."

అతను నవ్వలేదు.

రంగు మందం చూసే మీటరును ఆమె బానెట్ మీద అక్కడా ఇక్కడా ఆనించింది. కుడి మూలకు రాగానే అంకె పెరిగింది. బానెట్ ఎత్తి, టార్చి వేసి, బోల్టులను వేలితో తడిమింది.

"ఇదిగో, దొరికింది."

తేసిక్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఈ మూల మళ్లీ రంగు వేశారు. బోల్టుల మీద స్పానర్ గీతలున్నాయి, అంటే బానెట్ విప్పారు. ఎడమ హెడ్‌లైటు పసుపెక్కింది, కుడిది కొత్తగా ఉంది. షెడ్డులో చేయించిన పని కాదిది. ఎవడో ఇంట్లో కూర్చుని ఓపిగ్గా చేసుకున్నాడు."

"చూడగానే తెలిసిపోతుందా?"

"నాకు తెలుస్తుంది."

"వేరేవాళ్లకి?"

"వెతికేవాళ్లకి తెలుస్తుంది. అయినా నీకెందుకు, కొనకముందే అమ్మే ఆలోచనా?"

అతను చేతి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "స్తంభానికి గుద్దాడంటారా?"

"స్తంభమైతే లోపలి ఇనుము వంగేది. అది తిన్నగానే ఉంది. మెత్తటిదేదో తగిలింది. అడవి జింక అయ్యుంటుంది. పొలాల రోడ్డులో అడ్డంగా దూకుతుంటాయిగా."

"జింకే," అన్నాడు తేసిక్ వెంటనే. "జింకే అయ్యుంటుంది."

"అంత దిగులు దేనికి? ఇంజను గట్టిది. మామూలుగా అయితే కోటి వోన్లు పలుకుతుంది. ఈ దెబ్బ చూపించి పదిహేను లక్షలు తగ్గించమను."

"తగ్గిస్తాడంటారా?"

"దాచినవాడికి గొంతు లేవదు తమ్ముడూ. పట్టుకున్నావని తెలిస్తే చాలు, చెమటలు పడతాయి."

తేసిక్ ఆమె రుసుము ఇచ్చి, నడుం వంచి దండం పెట్టి, కారెక్కాడు. అమాయకుణ్ణి మోసపోకుండా కాపాడానన్న తృప్తితో మిసుక్ మీటరు సంచిలో పెట్టుకుంది.

అతని ఇంటికి పొలాల మధ్య కూడలి దాటే వెళ్లాలి. అక్కడ ఎర్ర లైటు పడింది.

'ఇక్కడ ఒక ముసలావిడను గుద్ది ఆపకుండా వెళ్లిపోయిన తెల్ల కారును చూసినవాళ్లు తెలియజేయగలరు' అని పోలీసులు కట్టిన బ్యానరు కింద, ఆరేళ్లుగా తానే నడుపుతున్న తన తెల్ల కారులో, తేసిక్ తల పైకెత్తకుండా పచ్చ లైటు కోసం ఎదురుచూశాడు.