చక్రం కింద రాయి

“అబ్బోడా, బండి యాడ నిలిపి కడ్డీ సూసినావు?”

గురప్ప తలెత్తాడు. అతని చేతిలో ఇంజను ఆయిలు కొలిచే కడ్డీ ఉంది. ఎదురుగా భుజాన తుండుగుడ్డ, చంకలో మూటతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

“ఈడే. కనపళ్ళా? పై గీత దాకా ఆయిలుండాది.”

“వాలులో సూస్తే కడ్డీ అబద్ధం సెప్తాది నాయనా. బండి ముక్కు కిందికుంటే ఆయిలంతా ముందుకొచ్చేస్తాది. సదునులో నిలిపి సూడు.”

గురప్పకు తిక్క రేగింది.

తిరుపతి నుంచి పీలేరు పోయే డీజిలు బస్సు అది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్లయినా మద్రాసు నుంచి కొత్త బ్యాటరీ రాలేదు. అందుకే రోజూ బస్సును వాలులో నిలపడం, పొద్దున్నే బ్రేకు వదిలి దొర్లించి స్టార్టు చేయడం.

గురప్ప డ్రైవరుగా చేరి ఇరవై రోజులు. ఇరవై రోజులూ బస్సు ముందు కర్పూరం వెలిగించాడు, కడ్డీ తీశాడు, నిండుగా ఉందని మురిసిపోయాడు.

కర్పూరానికి కారణం ఉంది. పని అడగబోతే ఓనరు చెంగల్రాయులు మొదట “ఖాళీ లేదప్పా” అనేశాడు. గురప్ప చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని, భార్య మునిలక్ష్మితో ఆయన ఇంటి అరుగు మీదే కూలబడ్డాడు. పొద్దువాలకముందే పిలుపొచ్చింది, రేపే వచ్చేయమని. కొండమీది స్వామి దయ కాక మరేమిటి?

ఈ పని పోతే మళ్ళీ ఏ అరుగు మీద కూర్చోవాలో అతనికి తెలియదు.

“పెద్దాయనా, ఎక్కేదుంటే ఎక్కు. లేకుంటే దోవ వదులు.”

“నేను రైలుకు పోవాల. కాట్పాడిలో మా సెల్లెలింటికి.” ముసలాయన కదల్లేదు. “ఎండ జాస్తిగా ఉండాది. భాకరాపేట కనుమలో ఇంజను పట్టేసిందంటే నీ ఉద్యోగం ఊడతాది.”

“నా ఉద్యోగం మీద నీకెందుకప్పా అంత ఏడుపు?”

ముసలాయన కిటికీ దగ్గర కూర్చున్న రాఘవమ్మ వైపు తిరిగాడు. వారానికి రెండుసార్లు పీలేరుకు తమలపాకులు తీసుకుపోయే మనిషి ఆమె.

“అమ్మా, అందరూ ఒక సెయ్యేస్తారా? పదడుగులు ఎనక్కి తోద్దాం.”

మారుమాట లేకుండా బస్సంతా దిగింది. గురప్పకు అది మరీ మంటగా ఉంది. తను చెబితే ఒక్కడైనా దిగేవాడా?

అందరూ కలిసి బస్సును వాలు పైనున్న చదునులోకి తోశారు. అక్కడొక రాయి ఉంది. గురప్ప కాలివేలికి రెండుసార్లు తగిలి తిట్లు తిన్న రాయి. ముసలాయన కిందికి చూడకుండానే కాలితో దాన్ని చక్రం కిందికి జరిపాడు.

“ఇంక ఆయిలు సర్దుకోనీ. తొందర పడబాక.”

కొంచెంసేపయ్యాక కడ్డీ తీసి, తుండుగుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీశాడు.

ఆయిలు కడ్డీ కొసనుంది. కింది గీతకు కూడా అందలేదు.

గురప్ప కడ్డీ మీదికి వంగాడు. “మసి మాదిరి నల్లగుండాదే! పాడైపోయిందా?”

“పెట్రోలు బండ్లు తోలినట్టుండావు. డీజిలుకు నలుపు తప్పు కాదు.” ముసలాయన అతని చెయ్యి పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క వేసి రుద్దించాడు. “గరగర తగిలితే తప్పు. డీజిలు వాసనొస్తే తప్పు. ఇది బాగుండాది, తక్కువుండాది, అంతే. ఆయిలు పొయ్యి. పై గీత మాత్రం దాటనీబాక.”

గురప్ప డబ్బాలోంచి ఆయిలు పోశాడు. పోస్తూనే ఆగలేక రాఘవమ్మను గొణుగుతూ అడిగాడు, “ఎవురీయన?”

“మునస్వామి. నీ కంటే ముందు పదిహేనేండ్లు ఈ బస్సు తోలినాడు.”

“ఓహో! సీటు పోయినోడి కడుపుమంటా ఇది?”

ఆ మాట ముసలాయనకు వినబడింది. రాఘవమ్మ ఏదో అనబోతే చేత్తో వద్దన్నాడు. వంగి రాయి తీశాడు. నలుగురితో పాటు తానూ భుజం ఆనించి తోశాడు.

బస్సు వాలులోకి దొర్లి, దగ్గి, అందుకుంది. జనం పరుగున ఎక్కేశారు. ముసలాయన వెనక రేకును రెండుసార్లు తట్టడం గురప్పకు అద్దంలో కనబడింది. ఆపి ఒక మాట చెప్పాలనిపించింది. ఆపలేదు.

కనుమ ఎక్కుతున్నంతసేపూ ఇంజను ఒక్క పలుకు తప్పలేదు. గురప్పే లోపల కుమిలిపోయాడు. ఎంత మాట అన్నాను! అన్నం పెట్టే చేతిని కరిచినట్టు!

సాయంత్రం తిరిగి రాగానే బస్సును చదునులో నిలిపి, చక్రం కింద రాయి పెట్టాడు. నేరుగా ఓనరింటికి పోయాడు.

“అయ్యా, మునస్వామిగారి సెల్లెలిల్లు కాట్పాడిలో యాడుండాదో సెప్పండి. కాళ్ళు పట్టుకోవాల. మీరు తీసేసినాయన్ని పట్టుకుని, నోటికొచ్చినట్టు అనేసినాను.”

చెంగల్రాయులు అతన్ని ఎగాదిగా చూశాడు.

“నేనా తీసేసింది? ఆ దినం నువ్వు ఒళ్ళో బిడ్డతో నా అరుగు మీద కూసోనుంటే, లోపల అన్నం తింటా నీ మాటలన్నీ ఇన్నాడు. సగంలో లేచి సెయ్యి కడుక్కుని, ‘ఒంటి మనిసిని, నేను యాడైనా ఒదుగుతాను, నా సీటు ఆ బిడ్డ తండ్రికియ్యి’ అని తనంతట తానే దిగిపోయినాడప్పా.”