ఇవాళొచ్చిన కొత్తమ్మాయి

కొత్తమ్మాయి గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే పెద్ద నర్సమ్మకి ఆమె పనికిరాదని తెలిసిపోయింది.

"గోళ్ళు చూపించు" అంది.

అమ్మాయి రెండు చేతులూ చాపింది. గోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. దాంతో నర్సమ్మకి ఇంకా చిరాకేసింది. వంక దొరకని మనిషిని ఆమె ఎన్నడూ నమ్మలేదు.

ఊరి ఆసుపత్రిలో జీవితమంతా పనిచేసి, చేతికింద నర్సుల్ని హడలెత్తించి, చివరికి డాక్టర్ల చేత కూడా 'సరే సిస్టర్' అనిపించుకున్న మనిషి ఆమె. ఇళ్ళకొచ్చి ముసలివాళ్ళని చూసుకునే ఈ ఆఫీసు మనుషులంటే ఆమెకి గిట్టదు. నాలుగు రోజుల శిక్షణ, మెడలో ఒక కార్డు, అంతే, సేవ వచ్చేసిందనుకుంటారు. పైగా రోజుకో కొత్త మొహాన్ని పంపుతారు. ప్రతిదానికీ మళ్ళీ అఆల నుంచి నేర్పాలి.

అలాగని వెళ్ళగొట్టడానికీ లేదు. ఇంట్లో సాయానికి మనిషి నిలవకపోతే ఇక పట్నంలో వృద్ధాశ్రమమే గతి అని ఆఫీసువాళ్ళు మొన్న మొగుడితో అంటుంటే ఆమె చెవిన పడింది. ఆయన మొహం మాడిపోయింది. ఎంత చేతకాని మొగుడైనా మొగుడే కదా. ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య పడేయడానికి ఆమెకి మనసొప్పలేదు. అందుకే మధ్యాహ్నం దాకా చూసి, ఈ పిల్ల సంగతి తేల్చుకుందామనుకుంది.

ముసలాయన చక్రాల కుర్చీలో కూర్చుని ఇద్దర్నీ బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. ఒకప్పుడు ఊళ్ళో ట్రాక్టర్లన్నీ విప్పి బిగించిన మెకానిక్. ఇప్పుడు కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని "సిస్టర్, సిస్టర్" అంటాడు. మతి పోవడమంటే ఇంకేం ఉంటుంది? ఆయన తిప్పేస్తాడట, స్టవ్ గుబ్బలు పీకి దాచారు. ఆయన రోడ్డెక్కేస్తాడట, గేటుకి తాళం వేశారు. ఈ ఒక్క మనిషి మూలాన తను కూడా జైల్లో ఉన్నట్టుంది.

"స్నానం చేయించడం వచ్చా?"

"సరిగ్గా రాదు సిస్టర్ గారూ. మీరు చూపిస్తే నేర్చుకుంటా."

"మరి శిక్షణలో ఏం వెలగబెట్టావు?"

నర్సమ్మ విసురుగా స్నానాల గదిలోకి వెళ్ళి స్టూలు మీద తనే కూర్చుంది.

"నేనే రోగిననుకో. కానీ."

అమ్మాయి నీళ్ళు పోసింది. వీపు రుద్దింది. నర్సమ్మ అడుగడుగునా తప్పులు పట్టింది. చెవుల వెనక వదిలేశావంది. వేళ్ళ సందులు ఎవరు తోముతారంది.

"మాట్లాడుతూ చెయ్యి. గోడకి నీళ్ళు కొడుతున్నట్టు ఆ మూగనోము ఏమిటి?"

అమ్మాయి మాట్లాడింది. ఒళ్ళు తుడిచి, ఉతికిన బట్టలు కట్టి, నేర్చుకుంటానని చెప్పి తల కూడా దువ్వింది. జడ వంకరగానే వచ్చింది.

తిరిగి హాల్లోకి వస్తుంటే నర్సమ్మకి గుమ్మం పక్కన మొగుడి చెప్పులు కనిపించాయి. అడుగున తడి బురద.

"కాలు కింద పెట్టని మనిషి చెప్పులకి బురదేమిటి?"

ముసలాయన గభాలున కిటికీ వైపు తిరిగాడు.

"నేనే వేసుకుని పెరట్లోకి వెళ్ళానండీ. పొరపాటైంది" అంది అమ్మాయి.

"రోగి చెప్పులు వేసుకుని షికార్లు. బాగుంది."

అన్నాలయ్యాక మాత్రల దగ్గర ఇంకో రభస. ముసలాయన పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు. సిస్టర్ వేసుకుంటేనే తనూ వేసుకుంటాడట.

"ఏవండీ, సిగ్గులేదూ మీకు? ఈ వయసులో ఈ గారాలేమిటి?"

అమ్మాయి చేతిలో రెండు మాత్రలతో దిక్కులు చూస్తూ నిలబడింది. రోగిని దారికి తెచ్చుకోవడం రానిది ఈ పనికెందుకొచ్చినట్టు? నర్సమ్మకి ఒళ్ళు మండింది. ఒక మాత్ర లాక్కుని నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించింది.

"చూశారా? చచ్చానా?"

ఆయన కూడా ఏదో గుటకేశాడు. అమ్మాయి హమ్మయ్య అనుకోవడం నర్సమ్మ చూడనే చూసింది. పనంతా ఒకరు చేస్తే ఊపిరి పీల్చుకోవడం ఇంకొకరిది.

మంచం మీద నడుం వాలుస్తూ ఆమె తీర్పు చెప్పింది.

"పనితనం సున్నా. చెప్పినమాట మాత్రం వింటున్నావు. కొన్నాళ్ళు నా చేతికింద ఉంటే మనిషివవుతావు. రేపు కూడా నువ్వే రా. రోజుకొకర్ని మార్చి నా ప్రాణం తియ్యొద్దని మీ ఆఫీసులో చెప్పు."

"అలాగే సిస్టర్ గారూ."

ఆ అమ్మాయి ఎందుకో కళ్ళు తుడుచుకుంటూ ఆమె కాళ్ళమీద దుప్పటి కప్పింది. ఈ మాత్రానికే కరిగిపోయేది ఈ పనిలో ఎన్నాళ్ళుంటుందని నర్సమ్మ పెదవి విరిచి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆమె గురక వినిపించాక ముసలాయన చక్రాల కుర్చీలోంచి లేచి, చెప్పులేసుకుని అమ్మాయి వెంట గేటు దాకా నడిచి వచ్చి, తాళం తీస్తూ అన్నాడు: "రెండేళ్ళబట్టి రోజూ కొత్తగానే వస్తున్నావు, రేపు కూడా అలాగే రా తల్లీ."