జల్లెడలో గోడ

“అమ్మా, సాయంత్రంలోగా ఈ ఇటుకలన్నీ లారీకెత్తాలి. లేవండి,” అన్నాడు రోడ్డు ఇంజినీరు.

రోడ్డు వెడల్పు కోసం కూల్చేసిన తన ప్రహరీగోడ ముందు పీట వేసుకుని కూర్చున్న టీచరమ్మ సుత్తి ఆపలేదు. ఇటుకను బఠాణీ గింజంత ముక్కలు చేసి జల్లెడలో వేసింది.

“ఏం చేస్తున్నారు?”

“బోన్సాయ్‌కి మట్టి కలుపుతున్నా.”

పక్కన ఖాళీ కుండీ. వేళ్లకు తడిగుడ్డ చుట్టిన జానెడు జువ్విచెట్టు.

“దానికి ఈ చెత్తెందుకండీ? బస్తా ఎర్రమట్టి నేనే పంపిస్తా.”

“ఎర్రమట్టి నీళ్లు పట్టేసి వేళ్లు కుళ్లబెడుతుంది. ఉత్త ఇసుకలో చుక్క నిలవదు. ఇటుక ముక్కయితే కావలసినంత దాచుకుని మిగతాది వదిలేస్తుంది. సగం ఇది, మిగతా సగం ఇసుకా, ఆకుల ఎరువూ.”

“పోనీ, కొత్త ఇటుకలు తెప్పించనా?”

“ఈ చెట్టు ఈ గోడలోనే మొలిచింది బాబూ. గోడ పగులుతుందని మా ఆయన పెకలించి కుండీలో పెట్టారు. ఇరవై ఏళ్లు గోడని కాపాడుకున్నామనుకున్నాం.”

ఇంజినీరు లారీ డ్రైవరుని ఆగమని సైగ చేశాడు.

ఆవిడ చెట్టును కుండీలో నిలబెట్టి, ఎర్రటి ముక్కలు కలిపిన మట్టిని దోసిళ్లతో పోసింది.

“మళ్లీ టేపు పట్టుకుని రండి. ఈసారి గోడని చంకనెత్తుకుని నేనే జరుగుతా. మీకు మాత్రం ఇవ్వను.”