ఏ మాట నొక్కినా మగ్గమే

తొంభై ఎనిమిదిల, బావ పోయినంక, చంద్రభాగక్కకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. దాజీ పేట్ల ఉన్న ఆమె ఇంటికి నేనే కంప్యూటర్ మోసుకపోయిన. ఎన్‌సైక్లోపీడియా సీడీ పెట్టి ఒక ఆట చూపిచ్చిన. ఆమె ఏదన్న ఒక మాట చెప్తది. నేను ప్రతి పేజీల మొదటి నీలి మాట నొక్కుకుంట పోత.

ఉప్పు అన్నది. ఉప్పు నుంచి సముద్రం, ఓడ, తెరచాప, బట్ట, ఆఖరుకు మగ్గం. జ్వరం అన్నది. మళ్ల మగ్గమే. చుక్కలన్నా ఆడికే వచ్చినం.

"అన్ని ఒకదానికొకటి ముడిపడే ఉంటయ్ అక్కా," అని నవ్విన.

ఆ పేజీల ఒక ఫోటో. గుంట మగ్గం ముంగట ఒక మనిషి మనకు వీపు పెట్టి కూసున్నడు.

"పాండూ, ఇందాక నేసేది మూరెడు మిగిలుండె. ఇప్పుడు బెత్తెడే ఉన్నది."

"ఫోటోల ఎట్ల తగ్గుతది?" అన్న గని, తగ్గింది నాకూ కనబడ్డది.

అప్పుడు నేల కిందికెల్లి కట్టె మీద కొట్టిన చప్పుడైంది. బావ మగ్గం ఎప్పుడో అమ్మేసినం. దాని గుంట పూడ్చి షాబాద్ బండ పరిచినం. చప్పుడు ఆ బండ కిందనే. దారం అయిపోవస్తే, కొత్తది అతుక రమ్మని బావ చేతిల ఉన్న నాడెతోని, దారం అటు ఇటు పోనిచ్చే ఆ కట్టెతోని, మగ్గం మీద అట్లనే కొట్టి అక్కను పిలిచేటోడు.

"పోకు అక్కా. ఆడ ఎవ్వరు లేరు."

"ఆయన పిలిస్తే ఎన్నడన్న ఆగిన్నా?"

అక్క అప్పటికే పొయ్యి కాడ కూసోని, దారాలు అతికేటప్పటి లెక్కనే, వేళ్లకు బూడిద రాసుకుంటున్నది.