మంచినీళ్ళు

"సముద్రంలో రాళ్ళ సందుల్లో ఒంటినిండా ముళ్ళతో గుండ్రటి జీవాలు, ముళ్ళబంతులుంటాయే, అవి కావాలి. ప్రాణంతో ఉండాలి," అన్నాడు కళ్ళజోడు మనిషి.

జాలారిపేట పోతమ్మ నవ్వింది. "సేపలొగ్గేసి ముళ్ళు తింతావేటి బాబూ?"

"తినను. వాటి గుడ్లకి సూది పొడుస్తాను."

పోతమ్మ నవ్వు ఆగిపోయింది.

ఆగదా మరి! ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. కాంపౌండరు వరహాలు పొడిచిన సూదితోనే ఆవిడ కూతురు సీతాలు పోయింది. వాడేమో, మందు మంచిదే, జ్వరమే చంపిందని కోర్టులో బొంకుతున్నాడు. వాడు జైల్లో పడేదాకా చుట్ట ముట్టనని ఒట్టు పెట్టుకుంది పోతమ్మ.

మర్నాడు ముళ్ళబంతులు తీసుకెళ్ళి కొండమీది లేబరేటరీలో దించింది.

ఆయన సూది వెంట్రుక కన్నా సన్నం. దాని కొస నుంచి నూనెలోకి మందుచుక్క వదిలి, మైక్రోస్కోపులో చుక్క వెడల్పు కొలిచాడు. తర్వాత అంతే చుక్క గుడ్డులోకి.

"కంటికానని సుక్కకి కొలతేటి బాబూ?"

"ఎంత పడితే చస్తుందో చూస్తున్నానమ్మా."

ఆ మాట పోతమ్మ గుండెల్లో దిగింది.

'నా గుంటనీ ఇలాగే సూసుంటారు, ఈ సూదోళ్ళు!'

మరోసారి ఆయన ముళ్ళబంతులు అడిగితే ఏం చేసిందనుకున్నారు? గంపని కుళాయి కింద పెట్టింది. ఉప్పునీటి జీవికి మంచినీళ్ళే విషమని సముద్రం మీద బతికేవాళ్ళకి వేరే చెప్పాలా! కొనప్రాణం ఉండగానే పట్టుకెళ్ళి ఇచ్చింది.

"తాజా సరుకు బాబూ."

"నువ్వు తెస్తే చూసుకోనక్కర్లేదమ్మా," అన్నాడాయన.

గుమ్మం దాటాక పోతమ్మ కసిగా నవ్వుకుంది.

వాయిదా రోజున, తీర్పు వినగానే కాల్చుకోవాలని కొంగున చుట్ట ముడేసుకుని కోర్టుకెళ్ళింది. ప్లీడరు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"కేసు పోయినట్టే పోతమ్మా. రుజువు తెస్తానన్న సాక్షి చేతులెత్తేశాడు."

"ఎవుడా సాచ్చి?"

"వరహాలు కూర్మన్నపాలెం పారిపోయి, అక్కడా ఒక పిల్లాణ్ణి చంపాడు. ఆ పిల్లాడి తండ్రి. సూదిమందు సీసా దాచాడు. అడుగున తడి మాత్రమే మిగిలింది. అది విషమని చూపిస్తానన్నాడు. కానీ మందు పొడిచిన గుడ్లూ చచ్చాయట, ఒట్టి ఉప్పునీరు పొడిచినవీ చచ్చాయట. మందు వల్లే చచ్చాయని ఇంకేం రుజువు? ఆ పరీక్షకే తడి కాస్తా అయిపోయి సీసా కూడా ఖాళీ."

పోతమ్మ మెల్లగా వరండా వైపు తిరిగింది.

"సీతాలు తల్లివి నువ్వేనా అమ్మా? నీ సరుకు మంచిదే, నా చెయ్యే తప్పింది, క్షమించు," అంటూ ఖాళీ సీసా పట్టుకున్న చేతులతోనే దండం పెట్టాడు కళ్ళజోడు మనిషి.