సబ్బులింటి వారసుడు

ఆ ఇంటికి తమ్ముడిగా వెళ్లడానికి అతను ఎనిమిది నెలలు తయారయ్యాడు.

అసలు తమ్ముడు పోయినేడాది జ్వరంతో చనిపోయాడు. ఆ సంగతి ఇంటివాళ్లకి తెలియదు. మందుల షాపులో పనిచేసే ఇతనికి తెలుసు. ఆరేళ్లపాటు ఆ మనిషి నెలనెలా ఇంజెక్షన్ల కోసం అతని దగ్గరికే వచ్చేవాడు. నా అన్నవాళ్లు లేనివాడు. కౌంటరు మీద మోచేతులు ఆనించి తన కథంతా చెప్పుకునేవాడు.

పుట్టుకతోనే ఒక జన్యువు దెబ్బతిందట. మగపిల్లాణ్ణి మగవాడిగా ఎదిగించే హార్మోన్లు తయారు చెయ్యమని మెదడు కబురు పంపాలి. ఆ కబురే వెళ్లలేదు. పంతొమ్మిదేళ్లొచ్చినా మీసం మొలవలేదు, గొంతు మారలేదు. కాలేజీలో అందరూ ఆటపట్టించారు. అదేమంత పట్టించుకోలేదు గానీ, ఒకరోజు వాళ్లతోపాటు నాన్న కూడా నవ్వాడు. ఆ సాయంత్రమే ఇల్లు వదిలేశాడు. పదేళ్లు పోయాక ఎవరో డాక్టరు జబ్బు కనిపెట్టి ఇంజెక్షన్లు రాశాడు.

ఇతను అదంతా పాఠంలా వల్లెవేశాడు. ఆ మనిషిలాగే ఎడమచేత్తో రాయడం నేర్చాడు. ఆ మనిషికున్నట్టే కనుబొమ్మ మీద గాటు కూడా పెట్టుకున్నాడు, కళ్లనీళ్లు తిరిగినా ఓర్చుకుని.

నాన్న పోయాక సబ్బుల ఫ్యాక్టరీ అక్కే నడుపుతోంది. పెళ్లి చేసుకోలేదు. తలుపు తీసి అతణ్ణి ఎగాదిగా చూసింది.

"మా వాడికి మీసం లేదే."

"ఇరవై ఏళ్ల కిందటి మాట అక్కా అది. ఇంజెక్షన్లతో వచ్చింది. ఈ జబ్బు అమ్మ వైపు నుంచి దిగిందట. మావయ్యకీ ఇంతే కదా, పాపం."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. మావయ్య సంగతి ఇంటి గడప దాటలేదు మరి. అతను మందుల చీటీలు కూడా చూపించాడు. ఆమె వాటిని రెండుసార్లు చదివి, జబ్బు పేరు ఒక కాగితం మీద రాసుకుంది.

"రేపు రా. నీ వాటా కాగితాలు రాయిస్తాను."

మర్నాడు బల్ల మీద కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. సంతకానికి ముందు ఆమె ఒక పాత సబ్బుబిళ్ల అతని చేతిలో పెట్టింది.

"అమ్మ వాడినది. దాచుకున్నాను."

అతను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇలాంటి చోట కాస్త ఏడిస్తే బావుంటుందనిపించింది. ఏడ్చాడు.

"అదే వాసన అక్కా. అమ్మ ఒళ్లో పడుకున్నట్టే ఉంది."

ఆమె కూడా కళ్లు తుడుచుకుంది. "నిజంగా నువ్వు వాడివే అయితే ఎంత బావుండేది. రాత్రంతా అదే కోరుకున్నాను."

అతను కళ్లు తెరిచాడు. ఆమె కాగితాలు తన వైపుకి లాక్కుంటోంది.

"నిన్న డాక్టరుని అడిగాను. నువ్వు చెప్పిందంతా సరిగ్గానే ఉందన్నారు. కాకపోతే ఆ జన్యువు పాడైతే ఇంకోటి కూడా పోతుందట. దానికి ఇంజెక్షను లేదట. అది మాకు వాడి చిన్నప్పుడే తెలుసు."

"ఏంటక్కా అది?"

"సబ్బులింట్లో పుట్టాడన్న మాటే గానీ, మా తమ్ముడికి పుట్టినప్పటి నుంచీ ఏ వాసనా తెలీదు."