ఆపరేటరమ్మ తమ్ముడు

"ఒక్కసారి ఆ హ్యాండిల్ పైకి లేపక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

తల నిండా మంచుతో తలుపు తోసుకొచ్చిన ఆడమనిషిని చూసి, సబ్‌స్టేషన్ ఆపరేటరమ్మ గబుక్కున లేచింది. స్విచ్‌బోర్డుకి అడ్డంగా నిలబడింది.

ఇలాంటి మంచు తుఫాను ఆ ఊరి ముసలివాళ్ళు కూడా ఎరగరు. మంచు బరువుకి కరెంటు తీగలు దారప్పోగుల్లా తెగిపోయాయి. ఫోన్లు మూగబోయాయి. రోడ్డేదో, కాలవేదో తెలియడం లేదు.

"ఏమైందమ్మా?"

"మా పాప ఊపిరి మిషన్ మీద బతుకుతోంది. స్కూటరు బ్యాటరీ అయిపోయింది, పక్కింటివాళ్ళ కారు బ్యాటరీ అయిపోయింది. సిలిండరేమైనా దొరుకుతుందేమోనని మా ఆయన తెల్లారగానే వెళ్ళాడు, జాడే లేదు. అత్తయ్య ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెదాలు నీలంగా అయిపోతున్నాయక్కా!"

"లైను మీద మనిషి ఉన్నాడమ్మా. అతను దిగి, ఇక్కడికొచ్చి, దిగానని చెప్పేదాకా ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు."

"గోదాముల దగ్గర తెగిన తీగ అతికించేసి ఉంది. వస్తూ నా కళ్ళతో చూశాను!"

"అది అతికించాడు. అవతల స్తంభం మీద చెట్టుకొమ్మ విరిగిపడింది. ఇప్పుడది తీస్తున్నాడు."

"తీస్తే తీయనీ! ముందు కరెంటు వదులు!"

"వదిలితే మాడిపోతాడు."

ఆమె చూపు గోడవారన బెంచీ మీద పడింది. లైన్‌మన్ అక్కడే ఉన్నాడు, కాలికి రెండు చెక్కలు కట్టుకుని.

"ఈయన ఇక్కడే ఉంటే స్తంభం మీద ఎవరున్నారట? పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ కబుర్లు చెబుతున్నారా?"

"జారిపడ్డానమ్మా. నేను ఎక్కలేకపోతేనే..." అంటూ లైన్‌మన్ నసిగాడు.

"మా తమ్ముడు ఎక్కాడు," అంది ఆపరేటరమ్మ.

లైన్‌మన్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"అదీ సంగతి! నీ తోడబుట్టినవాడు గనక కడుపులో పెట్టుకుంటావు. పరాయి పిల్ల పోతే నీకేం?"

"అవును. నా తమ్ముడు గనకే."

ఆ మాటతో ఆమె హ్యాండిల్ మీదికి దూకింది. ఆపరేటరమ్మ రెండు చేతులూ ఒడిసి పట్టుకుంది. పెనుగులాటలో గోళ్ళు గీరుకుని ఆపరేటరమ్మ చెంప మీద రక్తం చిమ్మింది. అయినా పట్టు వదల్లేదు.

"నువ్వసలు పిల్లల్ని కన్నావా? నీ తమ్ముడు ఆ తీగల మీదే మాడి మసైపోనూ!"

అనేశాక ఆ మాట తన చెవికే తగిలినట్టు ఆగిపోయింది. నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆపరేటరమ్మ పక్కన కూర్చుంది. "మిషన్ ఆగితే ఏం చెయ్యమన్నాడు డాక్టరు?"

"చేత్తో నొక్కే గాలి సంచి ఇచ్చాడు. అత్తయ్య చేతులు చలికి వణికిపోతున్నాయి, సరిగ్గా నొక్కలేకపోతోంది."

"నీ చేతులున్నాయిగా! నన్ను తిట్టిన బలమంతా అక్కడ చూపించు. కరెంటు వచ్చేదాకా నొక్కడం ఆపకు. లే!"

ఆమె లేచింది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"నా పాపకేమైనా అయితే తెచ్చి నీ గుమ్మంలోనే పడుకోబెడతాను."

"అలాగే. ముందు పరిగెత్తు."

ఆమె మంచులో పడుతూ లేస్తూ వెళ్ళిపోయింది. లోపలికొచ్చిన చలిగాలికి పొయ్యిలో నిప్పు రెపరెపలాడింది.

లైన్‌మన్ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "నీకు తమ్ముడెక్కడున్నాడే? మీ అమ్మకి నువ్వొక్కదానివేగా."

"తిట్టుకోవడానికి ఆమెకి ఎవరో ఒకరు ఉండాలిగా, బాబాయ్."

"అతనేమో ఇళ్ళలో ఫ్యాన్లు బిగించుకునేవాడు. స్తంభమెక్కడం ఇదే మొదలు. వద్దంటే విన్నాడా? నువ్వైనా ఆమెకి నిజం చెప్పాల్సింది."

"చెబితే, అప్పుడు నన్నేమని అడుగుతుంది?"

ఆపరేటరమ్మ కిటికీ అద్దం మీది ఆవిరి కొంగుతో తుడిచింది. బయట తెలుపు తప్ప ఏమీ లేదు. ఎవరూ రావడం లేదు.

స్తంభం మీద ఉన్నది ఆ పాప తండ్రి.